సమస్య: నిండు ట్యాంకుతోడ నిలిచె బండి

ఏలూరు మాస్టారు (నిర్వహణ):
ఈ వారం సమస్య నా నెత్తి మీదికి వచ్చిందే. మా నాన్నగారి 1962 అంబాసిడర్‌లో బెజవాడ నుంచి వస్తున్నాను. హనుమాన్ జంక్షన్ దాటాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు ముల్లు మాత్రం ఎఫ్ మీద మఠం వేసుకుని కూర్చుంది. అరగంట బానెట్ ఎత్తి కార్బురేటర్‌ని అనుమానించాను. చివరికి చెరకురసం అమ్మే కుర్రాడు వచ్చి, ట్యాంకు మూత తీసి, బండిని ఒకసారి ఊపి, "లోపల చప్పుడే లేదు సార్" అన్నాడు.

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడం మీ వంతు:

నిండు ట్యాంకుతోడ నిలిచె బండి

'ట్యా' అనే ఒత్తక్షరం ముందున్న 'డు' గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. రెండూ వేరు వేరు పదాలు, అది సంస్కృత సమాసం కాదు.

తెనాలి అన్నయ్య:

ముల్లు చూపుచుండె మొత్తము నిండని
నమ్మి బయలుదేర నట్టనడుమ
చుక్క లేదు లోన, చుక్కలు కంటిలో
నిండు ట్యాంకుతోడ నిలిచె బండి!

మాస్టారు: మూడో పాదం చదివి మా ఆవిడ కూడా నవ్వింది. కానీ అన్నయ్యా, 'చుక్క లేదు' అని మీరే చెప్పి, వెంటనే 'నిండు ట్యాంకుతోడ' అంటే సమస్య విడిపోలేదు, అలాగే ఉండిపోయింది. ఆ 'నిండు' ఎవరి మాటో పద్యంలోనే తేలాలి. మూడో పాదం ఇలా మారిస్తే?

*చుక్క లేక, ముల్లు చూపెడి మాయదౌ*

ఇప్పుడు 'మాయదౌ నిండు ట్యాంకు' అని అన్వయం కుదురుతుంది.

తెనాలి అన్నయ్య: అన్వయం కుదిరింది, నా కంట్లో చుక్కలు పోయాయి! సరే, మీ మాట కాదనను.

హైదరాబాద్ బావ:

సాగరమ్ము పొంగె చక్కని వానకు
బండుపైన బారు బస్సులాగె
అలలు చూడ నెంచి యాగితి నొకచోట
నిండు ట్యాంకుతోడ నిలిచె బండి!

మాస్టారు: హుస్సేన్ సాగర్‌నే ట్యాంకు చేశారు, తెలివే. 'తోడ' దగ్గర మాత్రం మెడ విరుగుతోంది బావగారూ. చెరువు పక్కన ఆగిన బండి చెరువుతో ఆగినట్టు కాదు.

ఫ్రిస్కో వదిన:

చమురు కొదవ లేదు, చార్జింగు మీటరు
వెనుక నట్టు వదులు, వేడి పుట్టె,
తీగ మాడిపోయె, దీపమ్ములారెను,
నిండు ట్యాంకుతోడ నిలిచె బండి!

తెనాలి అన్నయ్య: చమురంటే నూనె కదా వదినా? ఇంజను ఆయిల్ అనుకునే ప్రమాదం ఉంది.

ఫ్రిస్కో వదిన: పేపర్లో 'చమురు ధరలు' అని రాస్తే మీరు నూనె డబ్బా తీసుకుని కొట్టుకి వెళ్తారా?

పాత బండ్ల బాబాయి: ఛందస్సు నాకు తెలీదు, బండి సంగతి చెప్తాను. వదినగారు రాసింది అక్షరాలా జరిగేదే. పాత బండ్లలో బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారుకి తప్ప మిగతావాటికి వెళ్లే కరెంటంతా దాదాపు ఆ చార్జింగు మీటరు, అంటే ఆంపియర్ మీటరు, గుండానే పోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఏమీ ఇవ్వదు, అంతా బ్యాటరీ నుంచి రావాల్సిందే. మీటరు వెనక నట్టు వదులైతే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. అక్కడే తెగిపోతే లైట్లు పోతాయి, ఇగ్నిషనూ పోతుంది. అప్పుడు ట్యాంకులో ఎంతుండి ఏం లాభం?

మాస్టారు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకిదే నచ్చింది. అన్నయ్య ట్యాంకుని ఖాళీ చేసి విప్పారు, బావగారు చెరువు చేసి విప్పారు, ఈవిడ నిండుగానే ఉంచి విప్పారు.

వరంగల్ తమ్ముడు: మొదటి ప్రయత్నం, కోప్పడకండి.

ఎర్తు వైరు కొసకు నెంతయో తుప్పుండ
ముల్లు చెప్పె కల్ల, నమ్మినాను
గీకి బిగియగట్టి, కేనుతో నింపగా
నిండు ట్యాంకుతోడ నిలిచె బండి!

మాస్టారు: 'నిలిచె' అంటే ఆగిపోయింది అని కాకుండా 'సిద్ధంగా నిలబడింది' అని తిప్పావు, భేష్. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) పోయింది. 'ము'కి 'న' కుదరదు, ప్రాసయతీ (రెండో అక్షరాల జత) లేదు. 'ముల్లు చెప్పె కల్ల, మోసపోతి' అంటే సరిపోతుంది. యతి కోసం క్యాను కాస్తా 'కేను' అయింది, పోనీలే.

హైదరాబాద్ బావ: నాకో అనుమానం. మా ఇంట్లో పాత కారుకి ఆ వైరు ఊడితే ముల్లు ఖాళీ దగ్గర పడుకుంటుంది. తమ్ముడి బండిలో నిండు ఎలా చూపించింది?

బాబాయి: మీ ఇద్దరిదీ నిజమే, మీటర్లే రెండు రకాలు. పాత స్మిత్స్ కంపెనీ మీటర్లలో రెండు కాయిళ్లు (తీగ చుట్టలు) ఉంటాయి. అవి బ్యాటరీ 12 వోల్టులతోనే పనిచేస్తాయి. ట్యాంకు నుంచి వచ్చే వైరు తెగినా, ట్యాంకుకి ఎర్త్ (బాడీతో కనెక్షన్) పోయినా ముల్లు ఎఫ్‌కి ఎగురుతుంది. ఆ వైరు బాడీకి తాకితే ఖాళీకి పడుతుంది. తర్వాత వేడితో వంగే రేకు ఉన్న మీటర్లు వచ్చాయి. వాటి లెక్క తిరగేసి ఉంటుంది, వైరు ఊడితే ఖాళీ, బాడీకి తాకితే నిండు.

ముల్లు పైకి లేచే తీరు చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. కీ తిప్పగానే ఠక్కున ఎగిరితే పాతది, బద్ధకంగా పాకుతూ వెళ్తే రేకుది. ఈ రేకు రకానికి వెనక స్టెబిలైజర్ అని చిన్న డబ్బా ఉంటుంది, సగటున 10 వోల్టులు ఇస్తుంది. పెట్రోలు ముల్లూ, టెంపరేచర్ ముల్లూ కలిసి ఎక్కువ చూపిస్తున్నాయంటే ట్యాంకు జోలికి వెళ్లకండి, ముందు ఆ డబ్బాకి ఎర్త్ ఉందో లేదో చూడండి.

మాస్టారూ, మీ బండిలో ట్యాంకు మూత బిగించి, కీ వేసి, ట్యాంకు దగ్గర వైరు విప్పి బాడీకి తాకించండి. రెండు సెకన్లు చాలు. రేకు మీటరైతే ఎక్కువసేపు పెడితే లోపలి సన్న తీగ మాడుతుంది. పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం ఆ పని పెట్టుకోకండి, నిప్పురవ్వ చాలు.

మాస్టారు (మర్నాడు): తాకించాను. ముల్లు దబ్బున ఖాళీకి పడింది, తీస్తే మళ్లీ ఎఫ్. అంటే మీటరు నిక్షేపంలా ఉంది. ట్యాంకు మీద ఎర్త్ వైరు కన్ను (కొసన ఉండే రింగు) చూస్తే పచ్చగా చిలుము పట్టి, వేలు పెడితే రాలిపోయింది. ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త కన్ను వేసి బిగించాను. మొన్న పోసిన ఐదు లీటర్లకి ముల్లు ఇప్పుడు పావుకి కింద బుద్ధిగా ఉంది. తమ్ముడి పద్యమే మా బండి జాతకం.

వరంగల్ తమ్ముడు: అయితే మాస్టారూ, యతికి మార్కులు తగ్గించరుగా?

మాస్టారు: రెండో పాదానికి ఎర్త్ లేదు కదా తమ్ముడూ. తగ్గిస్తాను.