ఆరుగురు పంచుకునే చిన్న బండిలో ఎదురెదురు బల్లలు వేయవచ్చా?

నమస్కారం. చదువులో చివరి ప్రాజెక్టుగా, రద్దీ నగరాల కోసం ఆరుగురు కలిసి వెళ్లే విద్యుత్ వాహనాన్ని రూపొందిస్తున్నాను. ఒక దగ్గర ఆగిపోయాను. వాహనాల తయారీలో అనుభవం ఉన్నవారు దారి చూపాలి.

నాకు స్ఫూర్తి ఫిలిప్పీన్స్‌లో జనం కలిసి ప్రయాణించే జీప్నీ అనే బండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం వదిలివెళ్లిన జీపులను అక్కడివారు పొడిగించి, ఎదురెదురుగా బల్లలు అమర్చి, రంగురంగుల బొమ్మలతో నింపారు. వెనక నుంచి ఎక్కినవారి డబ్బులు చేతులు మారుతూ డ్రైవరుకు చేరతాయి. బొమ్మలకన్నా నన్ను ఎక్కువ కదిలించినది ఈ కూర్చునే తీరే. దాన్ని వదులుకుంటే మిగిలేది రంగు పూసిన మామూలు బండి అని నా భయం.

పరిమాణానికి జపాన్ కెయి కార్ల (అక్కడి అతి చిన్న కార్ల తరగతి) హద్దులు పెట్టుకున్నాను: పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు. తలుపుల మందం పోతే లోపల సుమారు 1.25 మీటర్లు. రెండు బల్లలకు 40 సెంటీమీటర్ల చొప్పున తీసేస్తే మోకాళ్లకు మిగిలేది 45 సెంటీమీటర్లే! పైగా బ్రేకు వేస్తే అందరూ పక్కకు ఒరుగుతారు. పక్కకు తిరిగి కూర్చున్నవారికి మామూలు సీటు బెల్టు సరిగ్గా పనిచేయదు.

బల్లపై ఒక్కొక్కరి మధ్య చిన్న అడ్డుగోడలు పెడితే ఆ ఒరుగుడు ఆగుతుందా? సీట్లను కొంచెం ముందుకు, ఏటవాలుగా తిప్పితే మోకాళ్ల ఇబ్బంది తగ్గుతుందా, పెరుగుతుందా? అట్టతో అసలు పరిమాణంలో నమూనా చేసి చూసినవారు ఉంటే, ఏ కొలత దగ్గర ఇబ్బంది మొదలైందో తప్పకుండా చెప్పండి.