ఎండుమిర్చిలో కాప్టాన్ (బూజు తెగుళ్లకు కొట్టే మందు) పీకు రోజంతా తగ్గుకుంట పోతుంది, ఎందుకు?

ప్రశ్న:
నల్లగొండలో చిన్న ల్యాబుల జీసీ-ఎంఎస్ (శాంపిల్‌ను ఆవిరి చేసి, అండ్లున్న మందులను విడదీసి గుర్తుపట్టే యంత్రం) నేనే చూసుకుంట. దేవరకొండ దిక్కు నుంచి ఎండుమిర్చి శాంపిళ్లు వచ్చినయ్. పొద్దున కాప్టాన్ పీకు (గ్రాఫుల మందు ఎంతుందో చూపే శిఖరం) నిటారుగ ఉంటది. పదో ఇంజెక్షన్ కాడికి సగమైతది, గ్రాఫుల దానికంటె ముందు టీహెచ్‌పీఐ (కాప్టాన్ విరిగితే వచ్చే పదార్థం) పీకు లేస్తది. ఇన్లెట్ (శాంపిల్ ఎక్కించే వేడి గది) 250 డిగ్రీలు, స్ప్లిట్‌లెస్ (ఎక్కించిన శాంపిల్ దాదాపు మొత్తం లోపలికి పోయే పద్ధతి), లైనర్ల (ఇన్లెట్ లోపలి గాజు గొట్టంల) గాజుదూది. మందున్న కాయకు లేదని రిపోర్టు ఇస్తనేమోనని నిద్ర పడ్తలేదు.

జవాబు 1:
అన్నా, ముందు లైనర్ తీసి వెలుతురుకు పట్టి చూడు. మా మహబూబ్‌నగర్ల మిర్చి నడిపినంక లోపల గోధుమరంగు జిడ్డు అంటుకునేది. కాప్టాన్ విరిగేది ఆ వేడి జిడ్డు మీదనే. గాజుదూది లేని డీయాక్టివేటెడ్ (మందు గాజుకు అంటకుండ పూత పూసిన) లైనర్ పెట్టు, కాలమ్ (మందులను విడదీసే సన్నని గొట్టం) ముందుభాగం కొంచెం కోసెయ్. పీటీవీ (వేడిని మెల్లగ పెంచుకునే వీలున్న ఇన్లెట్) ఉంటే 60 డిగ్రీల దగ్గర ఎక్కించి, తర్వాత వేడి పెంచు. స్టాండర్డ్ (పోల్చి చూసేటందుకు కొలత తెలిసిన కాప్టాన్) మాత్రం మందు కొట్టని మిర్చి ఎక్‌స్ట్రాక్ట్‌లనే కలుపు, ఉత్త సాల్వెంట్‌ల కాదు.

జవాబు 2:
క్లీనప్‌ల పీఎస్ఏ (ఎక్‌స్ట్రాక్ట్‌లోని మలినాలను పట్టుకునే క్షారగుణమున్న పొడి) వాడుతున్నరా? కాప్టాన్‌కు క్షారం పడదు. పీఎస్ఏ అయిన వెంటనే కొద్దిగ ఫార్మిక్ ఆమ్లం కలపండి. కాప్టాన్-డీ6 (హైడ్రోజన్ల బదులు బరువైన డ్యుటీరియం పెట్టిన, గుర్తుపట్టే కాప్టాన్) కూడా వేయండి. డ్యుటీరియం ఉన్న టీహెచ్‌పీఐ కనిపిస్తే, అది చేన్ల పుట్టింది కాదు, మన దగ్గర విరిగిందే.

ప్రశ్న అడిగినాయన:
లైనర్ మార్చిన. పన్నెండు ఇంజెక్షన్లయినా పీకు నిలబడ్డది. పాత శాంపిళ్లు మొత్తం రేపు మళ్ల నడుపుత.