వెబ్ డిజైన్ పోర్ట్‌ఫోలియోకు అభ్యసన లక్ష్యాలు ఎలా రాసుకున్నారు? మీ అనుభవాలు చెప్పగలరు

కావలి_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. నేను కావలిలో డిగ్రీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో మమ్మల్ని వెబ్ డిజైన్ పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) తయారు చేయమన్నారు. పని మొదలుపెట్టక ముందే, ఏమి నేర్చుకోదలచుకున్నామో మొదటి పేజీలో రాసి చూపించాలి. నేను "హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు క్షుణ్ణంగా నేర్చుకోవడం, రెస్పాన్సివ్ డిజైన్‌పై (ఏ తెరకైనా పేజీ ఇమిడేలా చేయడంపై) అవగాహన పెంచుకోవడం, మంచి వెబ్ డిజైనర్‌గా ఎదగడం" అని రాసి ఇచ్చాను. మా మేడం "క్షుణ్ణంగా" అన్న మాట కింద గీత గీసి, "వచ్చిందో రాలేదో నీకెలా తెలుస్తుంది, నాకెలా తెలుస్తుంది?" అని ఒక్క ముక్క రాసి కాగితం తిప్పి ఇచ్చేశారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు కానీ, దానికి బదులుగా ఏమి రాయాలో నాకు తోచడం లేదు. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఉంది, అదీ మా అన్నయ్యతో పంచుకోవాలి. చేతిలో నాలుగు నెలలున్నాయి. మీరు మొదట ఏమి రాసుకున్నారో, తర్వాత దాన్ని ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో చెబితే నాకు దారి దొరుకుతుంది.

పెన్నా_గట్టు

మీ మొదటి జాబితా చదువుతుంటే నా పాత నోటుపుస్తకం చూసినట్టే ఉంది. నేను కూడా "జావాస్క్రిప్టు నేర్చుకోవడం" అనే రాసుకున్నాను. ఆరు నెలల తర్వాత కూడా అది నేర్చుకున్నట్టో కాదో తేల్చుకోలేక, అదే వాక్యాన్ని కొత్త పేజీలో మళ్లీ రాసుకున్నాను.

నా పద్ధతి మారింది ఒక చిన్న పని వల్ల. ఇందుకూరుపేట వైపు మా బంధువు ఒకాయనకు రొయ్యల మేత, మందుల దుకాణం ఉంది. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చని ఆయనకు ధరల పట్టికతో ఒక పేజీ చేసి ఇచ్చాను. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ. గదిలో కూర్చుని చూస్తే ఎంతో నాజూకుగా ఉందనుకున్నాను. ఆయన మధ్యాహ్నం గుంట గట్టు మీద నిలబడి ఫోన్‌లో తెరిచి, "పేజీ ఖాళీగా ఉందేంటబ్బాయ్" అని అడిగారు. అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయి, ఎండలో ఆయనకు ఒక్కటీ కనబడలేదు.

అప్పుడు వెతికితే తెలిసింది, అక్షరాల రంగుకూ నేపథ్యానికీ మధ్య తేడాను (కాంట్రాస్టును) అంకెల్లో కొలవవచ్చని. వెబ్ సౌలభ్య మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు ఆ నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. నేను వాడిన #999999 రంగు తెలుపు మీద 2.85:1 మాత్రమే వస్తుంది. అదే బూడిద రంగును #767676 దాకా ముదురు చేస్తే 4.54:1 వచ్చి గీత దాటుతుంది. దానితో నా లక్ష్యాన్ని ఇలా తిరగరాశాను: "నా పేజీలో ఏ వాక్యానికీ కాంట్రాస్టు 4.5:1కు తగ్గకుండా రంగులు ఎంచుకోవాలి. బ్రౌజరు డెవ్‌టూల్స్‌లో కొలిచిన అంకెను పక్కన రాయాలి. ఆ పేజీని మధ్యాహ్నం ఆరుబయట ఒకరి చేత చదివించాలి." ఈ మూడింటిలో ఏది జరిగిందో, ఏది జరగలేదో ఎవరైనా చూసి చెప్పగలరు. మీ మేడం అడుగుతున్నది బహుశా ఇలాంటి వాక్యమే.

పలకా_బలపం

అమ్మా, నేను ప్రకాశం జిల్లాలో పదేళ్లకు పైగా ఈ సబ్జెక్టే బోధిస్తున్నాను కనుక, కాగితం తిప్పి ఇచ్చే వాళ్ల వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మా పిల్లల కాగితాల్లో నేను మొదట చూసేది క్రియాపదాన్ని. "తెలుసుకొనుట, అవగాహన పొందుట, పరిచయం కలిగియుండుట" వంటివన్నీ మనసులో జరిగే పనులు, వాటిని బయటివాళ్లు చూడలేరు. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో అభ్యసన లక్ష్యాలను ఆరు మెట్లుగా వర్గీకరించారు. 2001లో దాన్ని సవరించినప్పుడు ఆ మెట్ల పేర్లను క్రియలుగా మార్చారు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం. మీరు రాసిన ప్రతి వాక్యానికీ చివర ఏ క్రియ ఉందో చూసుకొని, అది కింది రెండు మెట్ల మీదే ఆగిపోతే ఒక మెట్టు పైకి జరిపి రాయండి. పేజీలో భాగాలను అమర్చే సీఎస్‌ఎస్ పద్ధతులు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్‌లనే చూడండి. "ఫ్లెక్స్‌బాక్స్ గురించి తెలుసుకోవాలి" అనడానికీ, "ఒకే పేజీని ఫ్లెక్స్‌బాక్స్‌తో ఒకసారి, గ్రిడ్‌తో ఒకసారి నిర్మించి, నా అవసరానికి ఏది సులువో కారణంతో రాయాలి" అనడానికీ ఎంత దూరముందో మీకే అర్థమవుతుంది.

ఇక సంఖ్య విషయం. నా దగ్గరికి పద్నాలుగు లక్ష్యాలు రాసుకొచ్చిన అబ్బాయి ఉన్నాడు; సెమిస్టరు ముగిసేనాటికి వాటిలో సగం ఏమిటో అతనికే గుర్తు లేదు. నాలుగు నెలలకు నాలుగు మించవద్దు. వాటిని కూడా రెండో నెల చివర మళ్లీ తీసి, అవసరమైతే కొట్టివేసి, కొట్టివేసిన వాక్యాన్ని మాత్రం చెరపకుండా అలాగే ఉంచండి. దిద్దిన కాగితం శుభ్రమైన కాగితం కంటే ఎక్కువ చెబుతుంది. మార్కులు వేసే మనిషిగా అంటున్న మాట ఇది.

చీమకుర్తి_నల్లరాయి

నా అభిప్రాయం వేరు. నేను బెంగళూరులో ఫ్రంట్ ఎండ్ (వాడేవారికి కనబడే పేజీలు చేసే) ఉద్యోగం చేస్తున్నాను, మా బృందంలోకి కొత్తవారిని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలకు కూర్చుంటాను. వచ్చిన పోర్ట్‌ఫోలియోలలో లక్ష్యాల పేజీని నేను ఒక్కసారి కూడా చదవలేదు. పూర్తయిన పని రెండో మూడో ఉంటే చూస్తాం, ఫోన్‌లో తెరుస్తాం, కోడ్ ఒక నిమిషం చదువుతాం. లక్ష్యాల మీద వారం రోజులు వెచ్చించే బదులు ఆ వారంలో ఒక పేజీ పూర్తి చేయడం మేలు.

పలకా_బలపం

నల్లరాయి గారూ, మీరు ఆ పేజీని చదవరన్నది నిజమే కావచ్చు. కోడ్ చదివాక మీరు అభ్యర్థిని అడిగే ప్రశ్న ఏమిటో కూడా చెప్పండి.

చీమకుర్తి_నల్లరాయి

"ఇక్కడ గ్రిడ్ ఎందుకు వాడావు, ఫ్లెక్స్‌బాక్స్ ఎందుకు కాదు?" అని అడుగుతాను. చాలామంది "వీడియోలో అలాగే చేశారు" అంటారు. మీరు ఎక్కడికి తీసుకెళ్తున్నారో అర్థమైంది మాస్టారూ. అయినా ఆ కారణం పని పక్కనే రెండు వాక్యాల్లో రాస్తే చాలు, దానికి ప్రత్యేకంగా ఒక పేజీ అక్కర్లేదన్న మాట మీదే ఉన్నాను. మరొకటి, ఈ నాలుగు నెలల్లో రియాక్ట్ (ఒక జావాస్క్రిప్టు లైబ్రరీ) లక్ష్యంగా పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఫారంలో లేబుల్ పెట్టడం రాకుండా రియాక్ట్ మొదలుపెట్టినవారిని చాలామందిని చూశాను.

సింహపురి_స్వర్ణాల

అంకె కోసం పరుగెత్తితే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. వెబ్ పేజీకి మార్కులు వేసే లైట్‌హౌస్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 100 తెచ్చుకోవడమే నేను లక్ష్యంగా రాసుకున్నాను. వేగం విభాగంలో మార్కులు తగ్గుతున్నాయని మైపాడు బీచ్ మీద చేసిన పేజీలోంచి ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. చివరికి 100 వచ్చింది, సముద్రం పోయింది. నిజానికి నేను చేయవలసింది ఫోన్‌తో తీసిన నాలుగేసి మెగాబైట్ల ఫొటోలను తెర వెడల్పుకు సరిపడా కుదించి, వెబ్‌పీ రూపంలోకి మార్చడం మాత్రమే. అదీ కాక, ప్రతి ఫొటోకూ ఆల్ట్ పాఠ్యంగా (ఫొటో చూడలేనివారికి దాని బదులు వినిపించే మాటలుగా) "చిత్రం" అని పెట్టినా ఆ పరీక్ష ఒప్పుకుంది, ఎందుకంటే ఆల్ట్ ఉందా లేదా అన్నదే యంత్రం చూస్తుంది, అందులో అర్థముందో లేదో చూడదు. పెన్నా_గట్టు గారు చెప్పినట్టు అంకె పక్కన ఒక మనిషి కూడా ఉండాలి.

కావలి_రెండో_ఏడు

అందరికీ కృతజ్ఞతలు. ఒక విషయం ముందే చెప్పవలసింది. నా పోర్ట్‌ఫోలియోలో ప్రధానమైన పని ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాల మీద ఒక సైటు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉన్నా, వాటిని చేసే వారి గురించి తెలుగులో చదవడానికి నాకు పెద్దగా దొరకలేదు. అందుకే ఇంగ్లీషుతో పాటు తెలుగు పేజీ కూడా చేయాలనుకుంటున్నాను. కానీ తెలుగు వచనాన్ని పేజీలో పెట్టగానే అంతా ఇరుకుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనబడుతోంది. దీన్ని కూడా ఒక అభ్యసన లక్ష్యంగా రాయవచ్చా, లేక విషయం పక్కదారి పడుతుందా?

మొలగొలుకులు

చెల్లీ, పక్కదారి కాదు, నన్నడిగితే నీ పోర్ట్‌ఫోలియోకు ఇదే నడిమి దారి. రంగులు, గ్రిడ్ అందరూ చేస్తారు. తెలుగు పేజీని తెలుగువాళ్లు ఇబ్బంది లేకుండా చదివేలా అమర్చిన విద్యార్థి పోర్ట్‌ఫోలియోలు నాకు బహు తక్కువగా కనిపించాయి. నేను నెల్లూరులో మొదట డీటీపీ, తర్వాత వెబ్ పని చేశాను కాబట్టి దెబ్బలు తిన్నచోట్లు చెబుతాను, వాటిలోంచి లక్ష్యాలు నువ్వే ఏరుకో.

మొట్టమొదట, నీకు ఎవరైనా పాత డీటీపీ ఫైలు ఇస్తే అందులోని అక్షరాలు యూనికోడ్‌లో (అన్ని ఫోన్లూ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతాల్లో) ఉన్నాయో లేదో చూసుకో. పాత ఫాంట్లలో కొట్టిన వచనాన్ని పేజీలో అతికిస్తే, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి గజిబిజిగా కనబడతాయి, వెతికినా దొరకవు, తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడరు వాటిని చదవలేదు. నేనొక కరపత్రాన్ని అలాగే ఎక్కించి, నా కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉన్నందువల్ల పది రోజుల దాకా ఆ సంగతే గమనించలేదు.

రెండోది నువ్వు చెప్పిన ఇరుకు. ఇంగ్లీషు అక్షరానికి లేని గుడి, ఏత్వం మన అక్షరానికి పైన ఉంటాయి, ఒత్తులు కింద ఉంటాయి. పంక్తి ఎత్తు 1.2 పెడితే పై పంక్తిలోని "రాష్ట్రం" ఒత్తులు కింది పంక్తిలోని "కీ" గుడి దీర్ఘాన్ని తాకుతాయి. నేను 1.6తో మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి 1.8 దాకా వెళ్తాను. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే పేరాను రెండింటిలోనూ పెట్టి, మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించి, ఏది ఎంచుకున్నావో కారణం రాయి. రామభద్ర వంటి బొద్దు ఫాంట్లు శీర్షికకు బాగుంటాయి, పేరాకు వాడితే కళ్లు అలసిపోతాయి.

ఇంకో సంగతి, ఇంగ్లీషు డిజైన్లలో నొక్కి చెప్పడానికి పెద్ద అక్షరాలు వాడతారు, మనకు ఆ వసతి లేదు. వాలు అక్షరాలున్న తెలుగు ఫాంట్లు అరుదు. అవి లేనప్పుడు బ్రౌజరు అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది, అది చూడలేం. కాబట్టి ఏది ముఖ్యమో పరిమాణంతో, మందంతో, రంగుతో చెప్పడం నేర్చుకోవాలి. దాన్నే ఒక లక్ష్యంగా రాయవచ్చు.

చివరగా మెనూ. ఇంగ్లీషులో చిన్నచిన్న మాటలతో ముచ్చటగా ఇమిడిపోయిన మెనూలోకి "సంప్రదించండి", "ఉత్పత్తులు" వచ్చేసరికి 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో రెండో పంక్తికి జారుతుంది, లేదా పేజీ మొత్తం పక్కకు కదులుతుంది. రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అన్న మాటను ఈథన్ మార్కాట్ 2010లో ప్రచారంలోకి తెచ్చినప్పుడు మన మాటల పొడవును ఎవరూ లెక్కలోకి తీసుకొని ఉండరు, అది మనమే చూసుకోవాలి. పేజీ మొదట్లో భాషను తెలుగు అని గుర్తించే ల్యాంగ్ విలువ పెట్టడం మరచిపోవద్దు. తెలుగు గొంతు ఉంటే, చాలా స్క్రీన్ రీడర్లు అది చూసి ఆ గొంతుకు మారతాయి.

పెన్నా_గట్టు

మొలగొలుకులు గారు చెప్పిన ప్రతి మార్పునూ గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే సాధనం) విడివిడిగా కమిట్ చేస్తూ, అంటే నమోదు చేస్తూ, పోండి, ఏమి మార్చారో కమిట్ సందేశంలో తెలుగులోనే రాసుకోవచ్చు. మార్పుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి ఫోన్ తెర బొమ్మ తీసి పెట్టుకుంటే, లక్ష్యం నెరవేరిందనడానికి వేరే రుజువు వెతుక్కోనక్కర్లేదు. సైటును నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. ల్యాప్‌టాప్ మీ అన్నయ్య దగ్గర ఉన్న రోజుల్లో ఫోన్‌లో చదివించే పరీక్షలు పెట్టుకోండి.

కావలి_రెండో_ఏడు

నిన్న కూర్చుని మళ్లీ రాశాను. మేడంకు ఇచ్చే ముందు ఇక్కడ పెడుతున్నాను.

ఉదయగిరి సైటులో ఒకే పేజీని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నిర్మించి, 360 పిక్సెళ్ల వెడల్పులో ఏదీ పక్కకు జరగకుండా, ఒత్తులు పంక్తులను తాకకుండా చూపించాలి. అన్ని అక్షరాలకూ కాంట్రాస్టు కొలిచి, 4.5:1కు తగ్గినవాటిని మార్చి, పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన రాయాలి. గరిటెల ఫొటోల వరుసను గ్రిడ్‌తోనూ ఫ్లెక్స్‌బాక్స్‌తోనూ చేసి, ఎంచుకున్నదానికి కారణం రెండు వాక్యాల్లో ఆ పని పక్కనే రాయాలి. పేజీ చూడని ఒకరికి ఫొటోల ఆల్ట్ పాఠ్యం చదివి వినిపించి, ఏ వస్తువు గురించో వాళ్లు చెప్పగలుగుతున్నారో లేదో నమోదు చేయాలి.

ఇప్పటికే ఉన్న పేజీని కొలిచి చూశాను. ఫొటోల కింద నేను వాడిన బూడిద రంగు కూడా సరిగ్గా #999999.

పలకా_బలపం

బాగుందమ్మా. నాలుగోదానిలో "ఒకరికి" అన్నచోట ఎవరికో కూడా రాయండి. మీ స్నేహితురాలికి వినిపించడం వేరు, ఆ గరిటె చెక్కిన మనిషికి వినిపించడం వేరు.

కావలి_రెండో_ఏడు

మార్చాను మాస్టారూ. ఫొటోలు తీయడానికి ఈ ఆదివారం ఉదయగిరి వెళ్తున్నాం. ఆల్ట్ పాఠ్యం చిత్తుప్రతి వెంట తీసుకెళ్లి అక్కడే చదివి వినిపిస్తాను, వాళ్లు దిద్దినవి తిరిగి వచ్చాక ఇక్కడ పెడతాను.