అప్‌డేట్: ఉగాండా యాత్రకు ముందు శిక్షణ మానేయాలా అని అడిగినది నేనే

మా సంఘం తరఫున ఉగాండాకు సువార్త యాత్రకు వెళ్లే బృందంలో ఉన్న నేను, ప్రతి శనివారం హనుమకొండలో జరిగే శిక్షణకు పరకాల నుంచి రావడం నిజంగా అవసరమా అని గత నెలలో అడిగాను. మానవద్దని, ముందుగా టీకా సంగతి చూసుకోమని చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాము. ధ్రువపత్రం 10 రోజుల తర్వాతే చెల్లుతుంది కనుక, చివరి వారం దాకా ఆగి ఉంటే ప్రయాణమే ఆగిపోయేది.

అసలు కనువిప్పు కలిగింది సాక్ష్యం, అంటే మన విశ్వాస అనుభవం, చెప్పే సాధనలో. దుబాసీగా నిలబడిన తమ్ముడు నా మొదటి వాక్యం విని, నోట్‌బుక్ మూసి, "అన్నా, సగం మరిచిపోయిన, మళ్లీ చెప్పు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ప్రార్థన కూటాల్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన నాకు, ఒక్కో చిన్న వాక్యం చెప్పి ఆగడం ఉపవాసం కన్నా కష్టమనిపించింది. అక్కడి లుగాండా భాషలో కృతజ్ఞత తెలిపే "వెబాలె" మాత్రం అందరికీ ఒక్క పూటలోనే నోటికి వచ్చింది.

వంటపనీ సామాను మోయడమూ వంతులవారీగా చేస్తున్నాము; ఒకరిద్దరి మధ్య ఉన్న బిగువు అక్కడికి వెళ్లకముందే బయటపడి, మాట్లాడుకుంటే సడలింది. ఇంకా రెండు శనివారాలున్నాయి, మలేరియా మాత్రల గురించి వైద్యుణ్ణి అడగవలసి ఉంది.