నోసోస్‌లో ఇవాన్స్ పోయించిన కాంక్రీటు: రక్షణా, అపచారమా?

మునేరు
వచ్చే మే నెలలో అమ్మానాన్నలను తీసుకుని గ్రీసులోని క్రీట్ ద్వీపానికి వెళుతున్నాము. హెరాక్లియన్‌లో నాలుగు రోజులు ఉంటాము. నగరానికి దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న మూడున్నర వేల ఏళ్లకు పైబడిన మినోవన్ నాగరికత నాటి నోసోస్ ప్రాసాదం గురించి చదివేకొద్దీ ఒక సందేహం బలపడుతోంది. అక్కడ 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఇవాన్స్, తరువాత 1920లలో కాంక్రీటుతో గోడలు, పైఅంతస్తులు, స్తంభాలు కట్టించాడని, ఫొటోలలో మనకు కనిపించే ఎర్రని స్తంభాలన్నీ ఆయన నిలబెట్టించినవేనని తెలిసింది. మా నాన్నగారు ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. "వందేళ్ల కాంక్రీటు చూడడానికి సముద్రాలు దాటాలా?" అని అడిగారు. నోసోస్ మానేసి, ఇటలీ వాళ్లు తవ్వి దాదాపు ఉన్నదున్నట్టే వదిలేసిన మరో మినోవన్ ప్రాసాదం ఫైస్టోస్‌కు వెళితే చాలని కొందరు మిత్రులు అంటున్నారు. ఇవాన్స్ చేసినది న్యాయమేనా? చూసి వచ్చినవారు చెప్పగలరు.

రాతిగోడ
నా దృష్టిలో అది న్యాయం కాదు. మూడేళ్ల క్రితం నేను అక్కడ రెండు గంటలు తిరిగాను. మా గైడు ఉత్తర ద్వారం దగ్గర ఎర్రని స్తంభాలను, వాటి వెనుక గోడ మీది ఎద్దు బొమ్మను చూపించి, "మూడున్నర వేల ఏళ్ల క్రితం ఇలాగే ఉండేది" అని చెప్పి ముందుకు నడిచారు. స్తంభాలు కాంక్రీటువని, ఎద్దు బొమ్మ నకలని, అసలు ముక్కలు హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయని ఒక్క మాట కూడా అనలేదు. అక్కడ అందరికంటే ముందు, 1878లోనే, తవ్వి నిలువెత్తు మట్టి బానలను బయటికి తీసిన స్థానికుడు మినోస్ కలోకైరినోస్ పేరు కూడా ఎత్తలేదు.

"లిల్లీల యువరాజు" కుడ్యచిత్రాన్నే తీసుకోండి. మ్యూజియంలో అసలు చిత్రం ముందు కాస్త పక్కకు జరిగి నిలబడితే, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉన్న పాత గార ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో, మిగిలిన చదునైన భాగమంతా ఎలా పూరించారో స్పష్టంగా కనిపిస్తుంది. కిరీటం ఒక ముక్క, ఛాతీ ఒక ముక్క, కాలిలో కొంత భాగం. ముఖం లేనే లేదు. ఆ కిరీటమూ ఆ ఛాతీ ఒకే మనిషివి కావని తరువాతి పండితులలో పలువురు వాదించారు. అయినా ఆ రాజకుమారుడే ఈరోజు క్రీట్‌లో పోస్టుకార్డుల మీద, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాల మీద నడుస్తున్నాడు. ఇంకొక చిత్రంలో కుంకుమపూలు కోస్తున్న నీలిరంగు బాలుడిని ఇవాన్స్ చూశాడు. అది బాలుడు కాదు, కోతి అని తరువాత తేలింది. తోకను గుర్తించలేకపోయినవారి ఊహ మీద ఒక అంతస్తు మొత్తం కట్టడం సమంజసమా?

ఊహ ఎక్కడ మొదలవుతుందో జీర్ణోద్ధరణ అక్కడే ఆగిపోవాలని పురాతన కట్టడాల పరిరక్షణ గురించిన 1964 నాటి వెనిస్ ఒప్పంద పత్రం చెప్పింది. నోసోస్‌లో ఆగలేదు.

దూలం
వృత్తిరీత్యా నేను స్ట్రక్చరల్ ఇంజనీరును, కాబట్టి నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. రాతిగోడ గారు 1964 నాటి కొలతతో 1920ల పనిని కొలుస్తున్నారు. 1931లో ఏథెన్స్‌లో సమావేశమైన నిపుణులు ఆమోదించిన పత్రం, పాత కట్టడాలను నిలబెట్టడానికి ఆధునిక పదార్థాలను, ముఖ్యంగా రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటును, వివేకంతో వాడవచ్చని స్పష్టంగా చెప్పింది. అంటే ఇవాన్స్ తన కాలపు ఉత్తమ పద్ధతినే పాటించాడు.

అంతకంటే ముఖ్యమైన విషయం, ఆయనకు మరో దారి లేకపోవడం. తూర్పు భాగంలోని పెద్ద మెట్లదారి కొండవాలులో ఒక అంతస్తు కింద మరొకటిగా దిగుతూ పోతుంది. దాని బరువు మోసిన చెక్క స్తంభాలు, దూలాలు ఎప్పుడో కాలి బొగ్గయిపోయాయి. వాటి స్థానంలో నిండిన మట్టే పై మెట్లను పట్టి ఉంచింది. ఆ మట్టిని తీస్తే పై మెట్లు కింద పనిచేస్తున్నవారి మీద పడతాయి, తీయకపోతే తవ్వకం లేదు. అందుకే తవ్వుతూనే ఆసరా పెట్టవలసి వచ్చింది. మొదట చెక్క వాడారు, అది తడికి చెడిపోయింది. తరువాత ఇనుప దూలాలు పెట్టారు, వాటికి ఖర్చు భరించరానిదైంది. చివరికి కాంక్రీటుకు వచ్చారు. ఇది గొప్ప కోసం చేసిన పని అంటే నేను ఒప్పుకోను.

జిప్సం సంగతి కూడా చూడాలి. ఆ ప్రాసాదంలో నేలకు, గోడల అడుగుకు పరచిన పలకలలో చాలా వరకు జిప్సమే, అంటే ఒక మెత్తని రాయి. వాన నీటిలో అది కొద్దికొద్దిగా కరిగిపోతుంది. సింహాసనపు గది మీద కప్పు వేయకపోయి ఉంటే, 1900లో బయటపడిన ఆ జిప్సం సింహాసనాన్ని ఈరోజు మనం ఈ రూపంలో చూసేవారమా? 1926 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఇవాన్స్ అక్కడే తన ఇంట్లో ఉన్నాడు. కాంక్రీటుతో నిలబెట్టిన భాగాలు ఆ కుదుపును తట్టుకున్నాయి.

సైకతం
మన దగ్గర హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని కూడా 2006లో విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచారు కదా. దాన్ని ఎవరూ అపచారం అనలేదు.

రాతిగోడ
సైకతం గారూ, ఆ పోలిక కుదరదు. కల్యాణమండపంలో చాలా వరకు పాత రాళ్లే తిరిగి తమ చోటికి వచ్చాయి. నోసోస్‌లో పైఅంతస్తు రాళ్లు వేటి చోటు ఏదో చెప్పే స్థితిలో దొరకలేదు. ఇవాన్స్ దానికి ఇటలీ భవనాల నుంచి "పియానో నోబిలే" (భవనంలోని ముఖ్యమైన పైఅంతస్తు) అని పేరు తెచ్చి పెట్టాడు. పేరులోనే ఊహ ఎంత దూరం పోయిందో తెలుస్తోంది.

దూలం గారి మెట్లదారి వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అక్కడ కాంక్రీటు లేకపోతే మెట్లే లేవు. సింహాసనపు గది కప్పు కూడా సరే. అయితే నీడ కోసం వేసే కప్పుకు రంగుల స్తంభాలతో పైన మరొక గది ఎందుకు? కాంక్రీటు దూలాలకు చెక్కలా కనబడేలా పసుపు రంగు పూయడం ఎందుకు? మోసేది కాంక్రీటు అని తెలియనిస్తే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

దూలం
పసుపు రంగు విషయంలో నా దగ్గర జవాబు లేదు. స్తంభాల విషయంలో ఉంది. కింద సన్నగా, పైన లావుగా ఉండే ఆ ఆకారం ఇవాన్స్ కల్పన కాదు. నోసోస్‌లోనే దొరికిన చిన్న బొమ్మల కుడ్యచిత్రాలలో అలాంటి స్తంభాలు కనిపిస్తాయి. పియానో నోబిలేను మాత్రం నేనూ సమర్థించలేను.

ఇంకొక మాట నా వాదానికే వ్యతిరేకంగా చెప్పాలి. ఆ కాంక్రీటులోని ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతున్నాయి, పెచ్చులు లేస్తున్నాయి. ఏథెన్స్‌లోని పురాతన ఆలయం పార్థినాన్‌లో కూడా ఇంచుమించు అదే కాలంలో ఇంజనీరు నికొలాస్ బలానోస్ పెట్టించిన ఇనుప పట్టీలు తుప్పెక్కి పాలరాతిని చీల్చాయి. వాటిని తీసి టైటానియం పెడుతున్నారు. నోసోస్‌లో అలా తీసి పారేయడానికి వీలు లేదు, ఎందుకంటే ఇప్పుడు పాత రాయి కాంక్రీటు మీదే ఆధారపడి ఉంది. ఒక మరమ్మతును కాపాడడానికి మరొక మరమ్మతు చేయవలసిన స్థితి అది.

గట్టుమీద
నేను రెండూ చూశాను, ఒకసారి మా అత్తగారితో కూడా. మునేరు గారూ, ఫైస్టోస్ హెరాక్లియన్‌కు సుమారు 60 కిలోమీటర్లు. కింద మెసారా మైదానం, ఉత్తరాన ప్సిలోరితిస్ కొండ. ప్రాసాదానికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. అయితే అక్కడ మోకాలి ఎత్తు గోడల మధ్య నిలబడి మా అత్తగారు, "ఇది వంటిల్లా, పడకగదా?" అని అడిగితే నేను చెప్పలేకపోయాను. అంతకు ముందు రోజు నోసోస్‌లో మెట్లదారి చూసి ఉన్నందువల్ల ఆవిడే కాసేపటికి, "దీని మీద కూడా అలాంటి అంతస్తు ఉండి ఉంటుంది" అన్నారు. ఇవాన్స్ పనికి నేను ఇచ్చే మార్కులు ఆ ఒక్క వాక్యానికే. గమనించండి, 2025లో యునెస్కో నోసోస్, ఫైస్టోస్‌లతో కలిపి ఆరు మినోవన్ ప్రాసాద కేంద్రాలను ఒకే అంశంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వరుస మాత్రం నా మాట వినండి. ముందు మ్యూజియం, తరువాత నోసోస్, చివర ఫైస్టోస్. మ్యూజియంలో అసలు ముక్క ఏదో, పూరణ ఏదో కళ్లకు అలవాటైతే నోసోస్‌లో గైడు ఏమి చెప్పినా మోసపోరు. సింహాసనాన్ని బయటి గదిలోంచే చూడాలి. ఆ బయటి గదిలో ఉన్న చెక్క కుర్చీ నకలు. చాలామంది దాన్నే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

మునేరు
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. మెట్లదారి గురించి దూలం గారు రాసినది రెండుసార్లు చదివించుకున్నారు. నోసోస్‌కు వస్తామన్నారు, కానీ పియానో నోబిలే ఎక్కనని, కింద నీడలో కూర్చుంటానని షరతు పెట్టారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆమె కూడా ఆయన పక్కనే కూర్చుంటుంది. మ్యూజియంలో మాత్రం మొదట ఆ కోతి తోకనే చూడాలట.