దేవయానం: వెళ్తారా, తీసుకెళ్తారా?

‘దేవయానం’ అంటే ఏమిటని ఇక్కడ ఒకరు అడిగారు. దేవతల వాహనమని కొందరు, పుష్పక విమానం లాంటిదని కొందరు జవాబిచ్చారు. యానం అంటే వాహనమనే అర్థం ఉంది కనుక ఆ మాట తీసిపారేయలేం. కానీ ఛాందోగ్య ఉపనిషత్తులో (5.10) అది పోయినవారు నడిచే ఒక దారి పేరు. ‘ఏష దేవయానః పంథాః’, ఇది దేవయానమనే దారి, అని స్పష్టంగా ఉంది. ఈ మధ్య ఇదే పేరున్న నవల చదివాను. అప్పటి నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామందికి ఈ దారి గీత ఎనిమిదో అధ్యాయం ద్వారా తెలుసు:

అగ్నిర్జ్యోతిరహః శుక్లః షణ్మాసా ఉత్తరాయణమ్ ।
తత్ర ప్రయాతా గచ్ఛంతి బ్రహ్మ బ్రహ్మవిదో జనాః ॥

అగ్ని, వెలుగు, పగలు, శుక్లపక్షం, ఉత్తరాయణపు ఆరు నెలలు. ఈ దారిన పోయిన బ్రహ్మవిదులు, అంటే బ్రహ్మాన్ని తెలుసుకున్నవారు, బ్రహ్మాన్ని చేరుతారు. క్రియ ‘గచ్ఛంతి’, అంటే వెళ్తారు. నడక వారిదే.

ఛాందోగ్యంలో ఇదే దారి ఇంకొంచెం పొడుగ్గా ఉంటుంది. ఆరు నెలల తర్వాత సంవత్సరం, సూర్యుడు, చంద్రుడు, మెరుపు. మెరుపు దగ్గర ఒక చిత్రం జరుగుతుంది: ‘తత్పురుషోఽమానవః, స ఏనాన్ బ్రహ్మ గమయతి’. అక్కడ మనిషి కాని పురుషుడొకడు ఉంటాడు. అతడు వీరిని బ్రహ్మం దగ్గరికి తీసుకెళ్తాడు. ధాతువు అదే అయినా ‘గచ్ఛంతి’ కాస్తా ‘గమయతి’ అయింది. ‘తమసో మా జ్యోతిర్గమయ’ అని మనం రోజూ చెప్పుకొనే ప్రార్థనలో ఉన్నదీ ఈ ప్రేరణార్థకమే, అంటే ఒకరిచేత పని చేయించే క్రియారూపమే. నేను వెళ్తాను అనడం లేదు, నన్ను తీసుకెళ్ళు అంటున్నాం.

ఇక నవల సంగతి. ‘వనవాసి’ని సూరంపూడి సీతారాం గారి అనువాదంలో చదవని సాహిత్యాభిమాని మనలో అరుదు. దాని మూలకర్త విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1944లో ‘దేవయాన్’ అనే నవల వెలువరించారు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే తెలుగువాణ్ణి కనుక బెంగాలీ చదవగలను. అయినా ఆయన రాసిన అడవి, పల్లె దగ్గరే ఆగిపోయాను. ఈ పుస్తకం వైపు ఎవరూ దారి చూపలేదు.

కథానాయకుడు జతీన్ మొదట్లోనే చనిపోతాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పుష్ప ఉంటుంది. చిన్నప్పుడు తనతో ఆడుకొని, ఎప్పుడో పోయిన పిల్ల. ఇతని కోసమే ఎదురుచూస్తోంది. ఇద్దరూ చిన్నప్పుడు ఆడుకున్న గంగ ఒడ్డు రేవును అక్కడ తన ఊహతోనే కట్టి ఉంచుతుంది. యమభటులు, నరకయాతనల కంటే ముందు వచ్చేది ఒక తెలిసిన ముఖం. ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకంటే నేను నమ్మేది అదే. మా అమ్మ చివరి రోజుల్లో గుమ్మం వైపు చూస్తూ ‘అక్కయ్య వచ్చి నిలబడింది, కూర్చోమనరేం?’ అని మమ్మల్ని కోప్పడింది. పెద్దమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళు. జ్వరం వల్ల అలా అంటోందన్నారు ఇంట్లోవాళ్ళు. నేను కుర్చీ తెచ్చి వేశాను. పోయేవారిని తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం నాకు అప్పటి నుంచీ ఉంది. కానీ దాన్ని చెప్పుకోవడానికి నా దగ్గర మాట లేకపోయింది.

ఆ మాట ఉపనిషత్తుల అర్థాన్ని చర్చించి తేల్చే బ్రహ్మసూత్రాల్లో ఉంది: ‘ఆతివాహికాస్తల్లింగాత్’ (4.3.4). వెలుగు, పగలు, పక్షం అన్నవి దారిలో వచ్చే మజిలీలా, కాలాలా అని చర్చించి, కావు, అవి తీసుకెళ్ళే దేవతలని తేల్చారు. దానికి గుర్తుగా చూపింది ఆ అమానవ పురుషుణ్ణే. ‘అతివహించడం’ అంటే దాటించి మోసుకుపోవడం. వాహనం, ప్రవాహం, వివాహం అన్నిటిలోనూ ఉన్నది ఆ ‘వహ్’ ధాతువే. అంటే వాహనమని చెప్పినవారు కూడా అర్థానికి మరీ దూరంగా లేరు.

విభూతిభూషణ్ దీన్ని కేవలం కథావస్తువుగా పట్టుకోలేదు. పెళ్ళయిన కొద్దికాలానికే మొదటి భార్య గౌరి పోయింది. ఆ దుఃఖంలో ఆయన పోయినవారితో మాట్లాడే ప్రయత్నమైన ప్లాంచెట్ దాకా వెళ్ళారు. మరణం తర్వాత జీవితం ఉందని జీవితాంతం నమ్మారు. ఘాట్‌శిలలో ఆయన ఇంటి పేరు ‘గౌరీకుంజ్’. 1950లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు.

*

ప్రశ్న: దేవయానంలో పోయినవారు తిరిగి రారు కదా. మనసు భూమి మీదే ఉన్న జతీన్ కథకు ఆ పేరు ఎలా కుదురుతుంది?

జవాబు: మంచి పట్టు పట్టారు. శాస్త్రం లెక్కన జతీన్‌ది పితృయానమే, అంటే మళ్ళీ భూమికి తిరిగివచ్చే రెండో దారి. పొగ, రాత్రి, కృష్ణపక్షం, దక్షిణాయనం, పితృలోకం, ఆకాశం, చంద్రుడు, మళ్ళీ వానతో పాటు దిగివచ్చి వరి, యవలు, నువ్వులుగా మొలవడం. భార్య మీద మమకారం జతీన్‌ను మాటిమాటికి కిందికి లాగుతూనే ఉంటుంది. ఆమె పేరు ‘ఆశ’ అన్నది గమనించండి. నా ఉద్దేశంలో ఆ శీర్షిక జతీన్ నిలబడిన చోటును చెప్పదు, పుష్ప చూపించే దిక్కును చెబుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు శ్రావణంలో పోయారు. దక్షిణాయనం. గీతలో ఆ శ్లోకాలు విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

జవాబు: అమ్మా, ఈ దిగులు చాలామందికి ఉంది. ‘అతశ్చాయనేఽపి దక్షిణే’ అని బ్రహ్మసూత్రమే (4.2.20) చెబుతోంది: ఉపాసకుడు దక్షిణాయనంలో పోయినా అతని ఫలం ఎక్కడికీ పోదు. మరి భీష్ముడు అంపశయ్య మీద ఎందుకు ఆగాడన్న ప్రశ్నకూ శంకరులు అక్కడే జవాబిచ్చారు. ఆచారాన్ని నిలబెట్టడానికి, తండ్రి ఇచ్చిన స్వచ్ఛంద మరణ వరాన్ని లోకానికి చూపడానికి. మీ నాన్నగారి తిథినాడు ఎనిమిదో అధ్యాయం చదివే అలవాటు ఉంటే ఈ శ్లోకాలు దాటవేయకండి. ‘షణ్మాసాః’ అన్నచోట క్యాలెండర్‌లోని నెలలను కాకుండా, శంకరులు చెప్పినట్టు ఆ నెలలకు అధిదేవతలైనవారిని తలచుకోండి.