అరుదైన ప్రోగ్ ఆల్బమ్‌లు నిజంగా గొప్పవా, దొరకవు కాబట్టి గొప్పవంటున్నామా?

నైట్‌షిఫ్ట్:
సూటిగానే అడుగుతున్నా. ప్రోగ్రెసివ్ రాక్ (ప్రోగ్ అంటాం, పొడుగ్గా, మలుపులు తిరుగుతూ సాగే డెబ్బైల నాటి రాక్) మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు దూరి "యెస్ బ్యాండ్, జెనెసిస్, పింక్ ఫ్లాయిడ్ అందరూ వింటారు, అసలు సరుకు వేరే ఉంది" అంటూ నోరు తిరగని ఇటాలియన్ పేరు ఒకటి విసిరి వెళ్ళిపోతారు. సరే చూద్దామని ఈమధ్య అలాంటివి వరసపెట్టి విన్నాను. మ్యూజియో రోజెన్‌బాక్ వాళ్ళ 'జరతుస్త్రా' (1973), స్ప్రింగ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ (1971), ఇంగ్లండ్ అనే బ్యాండ్ 'గార్డెన్ షెడ్' (1977). చెత్త అనను, కానీ ఇంత భజన ఎందుకో అర్థం కాలేదు. నాకనిపించేది ఇదీ: అప్పట్లో అమ్ముడుపోలేదు, అందుకని ఎల్‌పీలు తక్కువ మిగిలాయి, కలెక్టర్లు ఎగబడ్డారు, రేటు పెరిగింది, ఆ రేటు చూసి లోపల ఉన్న సంగీతం కూడా అంతే విలువైనదని అందరూ నమ్మేశారు. కాదంటారా, ఒక్క ఆల్బమ్ పేరు చెప్పి అందులో ఏముందో కూడా చెప్పండి. "విను, నీకే తెలుస్తుంది" అనే జవాబు మాత్రం వద్దు.

పాతరికార్డు:
లోకాండా దెల్లే ఫాతే. 'ఫోర్సె లె లుచ్చొలె నాన్ సి అమానో ప్యూ', 1977, పాలిడోర్. మిణుగురులు ఇక ఒకదాన్నొకటి ప్రేమించుకోవడం లేదేమో, అని పేరు. పేరు చూసి నవ్వకండి, నేనూ మొదట పేరు చూసే పక్కన పెట్టాను.

ఉత్తర ఇటలీలో ఆస్తి అనే ఊరివాళ్ళు, మొత్తం ఏడుగురు. ఇద్దరు కీబోర్డులు, ఇద్దరు గిటార్లు, మధ్యమధ్య ఫ్లూట్. అంతమంది ఒకచోట చేరితే మామూలుగా ఏమవుతుందో మీకు తెలుసు, ప్రతివాడూ తన వేళ్ళ వేగం చూపించాలని తయారవుతాడు, మూడో నిమిషానికి మనకు తలనొప్పి. ఇక్కడ అలా ఉండదు. మొదటి ట్రాక్‌లో గొంతు లేదు, పూర్తిగా వాయిద్యాలే, పియానో ఒక చిన్న పల్లవి లాంటిది అందుకుంటుంది, దాన్ని గిటార్ తీసుకుంటుంది, ఆర్గన్ తీసుకుంటుంది, తీసుకున్న ప్రతివాడూ కొంచెం మార్చి ఇస్తాడు గానీ పాడు చేయడు. తర్వాత లియొనార్దో సాసో గొంతు వస్తుంది. కాస్త బొంగురు గొంతు, ఇంత నాజూకు సంగీతం మీద అది అతకదేమో అనిపించేంత గరుకు. నన్నడిగితే ఆ గరుకు లేకపోతే ఈ ఆల్బమ్ మరీ తీపెక్కిపోయేది.

మరి ఎందుకు మరుగున పడింది? తేదీ చూడండి. అదే ఏడు ఇంగ్లండ్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ (పొట్టి, మొరటు పాటలవాళ్ళు) ఆల్బమ్ వచ్చింది. ఇరవై నిమిషాల పాటలు, కోటలు, దేవకన్యలు వినే ఓపిక ఎవరికీ లేని రోజులు. 1973లో వచ్చి ఉంటే ఇవాళ మనం ఈ గొడవ పడేవాళ్ళమే కాదు.

సందేహాల_పుట్ట:
పాతరికార్డు గారూ, మీరు చెప్పిందంతా బాగానే ఉంది గానీ అసలు సంగతి దాటేశారు. 1976లో జెనెసిస్ 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' వచ్చింది. అది విని వెంటనే మీ మిణుగురులు వినండి. పన్నెండు తీగల గిటార్ మీటే పద్ధతి, ఆ కీబోర్డ్ తెరలు, అన్నీ అక్కడివే. అచ్చంగా ఇంకొకరి ఇంట్లో వండిన కూరకి తాలింపు మార్చి పెట్టినట్టు ఉంటుంది. బాగా చేసిన అనుకరణ అనండి, ఒప్పుకుంటా. మాస్టర్‌పీస్ అంటే మాత్రం కష్టం.

మిశ్రచాపు:
ఈ "ఇటలీవాళ్ళు కాపీ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే పెద్దగా రాస్తున్నా, భరించండి.

వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ 1971లో 'పాన్ హార్ట్స్' తెచ్చింది. సొంత దేశంలో అది చార్టులోకే రాలేదు. ఇటలీలో నంబర్ 1 అయింది. అంటే ఏంటి? తమ దేశంలోనే సరిగ్గా దిక్కులేని ఈ సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నది ఇటలీ కుర్రాళ్ళు. వాళ్ళే తర్వాత వాయించారు. శ్రోతగా ముందు నిలబడినవాడు వాయించడం మొదలుపెడితే దాన్ని కాపీ అనడం అన్యాయం.

ఇంకో సంగతి, ఇటలీ అంతా ఒకే బాణీ అనుకోకండి. బాంకో దెల్ ముతువో సొకోర్సో వాళ్ళ 'డార్విన్!' (1972) వినండి. పరిణామ సిద్ధాంతం మీద ఆల్బమ్ మొత్తం. నొచెంజీ అన్నదమ్ములిద్దరూ కీబోర్డుల మీద, ఫ్రాంచెస్కో దీ జాకోమో గొంతు మీద. ఆ గొంతులో ఒపెరా పాడే నేల వాసన ఉంది, ఇంగ్లిష్ రాక్ గాయకుల్లో అలాంటిది నేను వినలేదు. అదీ జెనెసిస్సేనా?

ఏరియా బ్యాండ్ 'అర్బైట్ మాఖ్ట్ ఫ్రై' (1973) ఇంకా దూరం. పాడింది దెమెత్రియో స్త్రాతోస్, గ్రీకు కుటుంబం, పుట్టింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. ఆల్బమ్ మొదలయ్యేదే అరబ్బీలో ఒక ఆడమనిషి మాటలతో, ఆ తర్వాత బాల్కన్ లయలు విరుచుకుపడతాయి. కచేరీల్లో ఖండచాపు, మిశ్రచాపు వింటూ పెరిగిన మన చెవికి ఆ బేసి లెక్కలు పెద్ద వింత కాదు, తొడ మీద తాళం వేసుకుంటూ వినేయొచ్చు. స్త్రాతోస్ 1979లో 34 ఏళ్ళకే పోయాడు. ఇతన్ని ఎవరికి కాపీ అంటారో చెప్పండి.

సందేహాల_పుట్ట:
బాంకో, ఏరియా గురించి నేనేమన్నా అన్నానా? లోకాండా గురించి అన్నాను. దానికి జవాబు ఇంకా రాలేదు.

నైట్‌షిఫ్ట్:
అదే కదా. పైగా బాంకో, ఏరియా ఇటలీలో పెద్ద పేర్లు. నా ప్రశ్న ఒక్క ఆల్బమ్ చేసి మాయమైపోయిన వాళ్ళ గురించి. 'జరతుస్త్రా' సంగతి ఎవరూ ఎత్తడం లేదేం?

గోదారి_బేస్:
నేనెత్తుతా. 'జరతుస్త్రా' మాయమవడానికి సంగీతంతో సంబంధమే లేదు అన్నా. అట్ట మీద కొలాజ్ ఉంటుంది చూశావా, నల్లటి అట్ట, ముక్కలతో కూర్చిన ముఖం? అందులో ముసోలినీ విగ్రహం ముక్క ఒకటి ఉంది. లోపల నీషే (జర్మన్ తత్వవేత్త, ఫాసిస్టులు తమవాడని చెప్పుకున్నవాడు). 1973 ఇటలీలో, కుడి ఎడమ గుంపులు వీధుల్లో కొట్టుకుంటున్న రోజుల్లో, ఈ రెండూ కలిపి చూసినవాడు ఏమనుకుంటాడు? ఫాసిస్టులనే ముద్ర పడింది. మాకు అలాంటి ఉద్దేశం లేదని వాళ్ళు చెప్పుకున్నా లాభం లేకపోయింది. ఆ దశాబ్దంలో వాళ్ళకి అదే మొదటిది, అదే ఆఖరుది.

సంగీతం మాటకొస్తే, మొదటి సైడంతా సాగే ఆ సూట్ (కొన్ని భాగాలు కలిపి కట్టిన పొడుగాటి పాట) మొరటుగా ఉంటుంది, రికార్డింగ్ కూడా కాస్త మడ్డిగానే ఉంటుంది, అయినా మెలోట్రాన్ (టేపుల మీద నడిచే కీబోర్డ్) ఒక్కసారిగా లేచినప్పుడు బేస్ కింద నుంచి తోసే తోపు ఉంది చూడు, నాకు లోకాండా కన్నా అదే ఇష్టం. రెండో సైడ్ మాత్రం అంతంతే, దాచడం ఎందుకు.

వీళ్ళు బయటి దేశాలకి వెళ్ళకపోవడానికి భాష ఇంకో కారణం. ప్రెమియాటా ఫోర్నెరియా మార్కోని వాళ్ళు ఆ గోడ దూకారు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ళ మాంటికోర్ లేబుల్ 1973లో 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' వేసింది, కింగ్ క్రిమ్సన్‌కి పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ చేత ఇంగ్లిష్ మాటలు రాయించారు. లె ఓర్మె అనే ఇంకో ఇటలీ బ్యాండ్ 'ఫెలోనా ఎ సొరోనా'కి అయితే వాన్ డర్ గ్రాఫ్ పీటర్ హామిల్ ఇంగ్లిష్ మాటలు రాశాడు, 1974లో వచ్చింది. ఇంత పెద్దవాళ్ళు రాసినా నాకు రెండూ డబ్బింగ్ లాగే వినిపిస్తాయి, పెదవి ఒకటంటే గొంతు ఇంకోటి అన్నట్టు. ఇటాలియన్‌లో మాట ఆఖర్న అచ్చు సాగుతుంది, బాణీ దాని మీదే కట్టారు, ఇంగ్లిష్ మాట అక్కడ ఠక్కున తెగిపోతుంది. మాటలు చివర అచ్చులతో ఆగే మన భాషవాళ్ళకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్'లో ఒక్క పాట మాత్రం ఇటాలియన్‌లోనే వదిలేశారు. అది వచ్చినప్పుడు హమ్మయ్య అనిపిస్తుంది.

టేపుముక్క:
స్ప్రింగ్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నా వంతు. తెలియనివాళ్ళకి: మెలోట్రాన్‌లో ఒక్కో మీటకి ఒక్కో టేపు ముక్క ఉంటుంది, దాని మీద అసలు వయొలిన్లో కోరస్సో రికార్డు చేసి ఉంటుంది, మీట నొక్కితే ఆ టేపు కదులుతుంది, సుమారు ఎనిమిది సెకన్లలో అయిపోతుంది, వేలు తీయాల్సిందే. ఆ యంత్రం ఒకటి మోసుకు తిరగడమే నరకం అంటే ఈ బ్యాండ్‌లో ముగ్గురు దాన్ని వాయించారు! రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డు చేశారు, ప్రొడ్యూసర్ గస్ డజన్, అంటే ఎల్టన్ జాన్ ప్రొడ్యూసర్. డ్రమ్స్ పిక్ విథర్స్, తర్వాత డైర్ స్ట్రెయిట్స్‌లో వాయించినవాడే. అనామకులేం కాదు.

నైట్‌షిఫ్ట్:
ఇదంతా బయోడేటా. పాటలెలా ఉన్నాయి?

టేపుముక్క:
దిగులుగా ఉన్నాయి. నాకు దిగులే కావాలి.

సందేహాల_పుట్ట:
హహ, ఇది నిజాయితీ. సరే, అన్నీ కొట్టిపారేస్తున్నానని తిట్టుకుంటున్నారు కాబట్టి నాది ఒకటి చెప్తా. గ్రిఫన్, 'రెడ్ క్వీన్ టు గ్రిఫన్ త్రీ', 1974. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్న ఇద్దరు మొదలుపెట్టిన బ్యాండ్. క్రమ్‌హార్న్ అనే పాతకాలపు వంకర సన్నాయి, బసూన్, వీటితో ప్రోగ్! గాత్రం లేదు, నాలుగే ట్రాక్‌లు, చదరంగం ఆట కథ, మొదటి ఎత్తుతో మొదలై చెక్‌మేట్‌తో అయిపోతుంది. వీళ్ళు యెస్‌తో కలిసి టూర్లు కూడా చేశారు, పెద్ద పెద్ద హాళ్ళలో జనం వీళ్ళని చూశారు, అయినా ఇవాళ పేరు చెబితే "ఎవరూ?" అంటారు. నైట్‌షిఫ్ట్ థియరీ ఇక్కడ పనిచేయదు. జనం ముందుకి వచ్చి కూడా మరుగున పడ్డ ఆల్బమ్ ఇది.

మిశ్రచాపు:
గ్రిఫన్‌కి నా ఓటు కూడా. కానీ "తెలియనిది" అంటే ఎవరికి తెలియనిది అని కూడా అడగాలి కదా. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్‌లో హార్మోనియం అనే బ్యాండ్ ఉంది (మన పెట్టె పేరే), 1975 ఆల్బమ్‌లో ఒక్కో రుతువుకి ఒక్కో పాట, ఐదో పాట లేని రుతువుకి. డ్రమ్స్ లేవు, అయినా ఎక్కడా లోటు అనిపించదు. క్యూబెక్‌లో అది ఇంటింటి పేరు. చిలీలో లాస్ హైవాస్ 1981లో నెరూడా కవితలకి బాణీ కట్టి 'అల్తురాస్ దె మాచూ పీచూ' చేశారు, అక్కడ అది జాతీయ ఆస్తి లెక్క. మనకి తెలియకపోతే అది మన అజ్ఞానం, వాళ్ళ అరుదుతనం కాదు.

నైట్‌షిఫ్ట్:
హార్మోనియం నిన్న రాత్రే విన్నా. చివర్లో పాట మాటలు లేకుండా పదిహేడు నిమిషాలు సాగుతుంది, అదొక్కటే రెండుసార్లు పెట్టుకున్నా. దీనికి నా దగ్గర వాదన లేదు. గ్రిఫన్ ఈ వారంలో వింటా. కానీ స్ప్రింగ్ విషయంలో నా మాట మారదు, అరుదు కాకపోతే దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. లోకాండా మీద కూడా సందేహాల_పుట్ట వేసిన ప్రశ్న అలాగే ఉంది.

పాతరికార్డు:
ఉంది కదా, చెప్తా. జెనెసిస్ ప్రభావం లేదని నేనెక్కడా అనలేదు. 1976 నాటికి వాళ్ళ గాయకుడు గేబ్రియల్ వెళ్ళిపోయాడు, 1977 ఆఖరికి గిటారిస్ట్ హాకెట్ కూడా బయటికి వచ్చేశాడు, ఆ తర్వాత జెనెసిస్సే ఆ దారి మెల్లగా వదిలేసింది. వాళ్ళు వదిలేస్తున్న దారిలో వీళ్ళు ఇంకో నాలుగడుగులు వేశారు. ఆ నాలుగడుగులు నాకు చాలు. సాసో గొంతుని, ఆ రెండు కీబోర్డులు ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిచే తీరుని జెనెసిస్‌లో ఎక్కడైనా చూపించండి, అప్పుడు కాపీ అని ఒప్పుకుంటా.

సందేహాల_పుట్ట:
ఆదివారం రెండూ మళ్ళీ వింటా, ట్రాక్ ట్రాక్‌కీ పట్టుకుని వస్తా. అప్పటిదాకా తాళం వేయకండి దీనికి.